పరిశోధనకు బయలుదేరిన మనవరాలికి

కొత్తపేట

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ రంగ సంస్థలు కాలంతో ఎలా మారాయో ప్రాజెక్టు రాస్తున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. విద్యుత్ బోర్డు లెక్కల విభాగంలో ఉద్యోగం చేసి దిగినవాడిని కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతాను.

1956 పారిశ్రామిక విధానం, 1991 సరళీకరణ, ఆపైన వాటాల అమ్మకం అని మూడు మెట్ల నిచ్చెన వేశావు. దాన్ని పక్కన పెట్టు తల్లీ. మీ అమ్మమ్మ ఖాతా ఉన్న ఆంధ్రా బ్యాంకునే చూడు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన ప్రైవేటు బ్యాంకు అది. 1980లో జాతీయం చేశారు, 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు. అదే ఏడాది జనవరి 1న మన ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. సంస్థలన్నీ ప్రభుత్వం నుంచి బయటికే నడుస్తున్నాయని నువ్వు రాస్తే, రావులపాలెం డిపోలో ఏ కండక్టరైనా కాదంటాడు.

ఏ సంస్థను తీసుకున్నా ముందు ఒక్కటే అడుగు: నష్టం వస్తే ఎవరి ఖాతాలో రాస్తారు?

1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. అప్పట్లో ఉత్పత్తి, సరఫరా, పంపిణీ అన్నీ ఒకే బోర్డువి. ఎక్కడ ఖర్చయినా చివరికి ఒకే చిట్టాకు ఎక్కేది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అని రెండు కంపెనీలుగా విడిపోయింది. మరుసటి ఏడాది పంపిణీకి నాలుగు కంపెనీలు ఏర్పడ్డాయి. మా ఆఫీసు గోడ మీద పేరు మారింది. బల్లలూ మనుషులూ అవే. కానీ కొన్న ప్రతి యూనిట్‌కూ ఒక కంపెనీ మరో కంపెనీకి బాకీ పడటం మొదలైంది. ఛార్జీలు నిర్ణయించే పని విద్యుత్ నియంత్రణ మండలికి వెళ్లింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఇచ్చాక, రైతు కట్టని సొమ్ము సబ్సిడీ రూపంలో ఖజానా నుంచి రావాలి. ఎంత అడిగారు, ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది? ఏడాదివారీగా ఈ లెక్కలు పక్కపక్కన రాసుకో. కంపెనీ అన్న మాటకు ఎంత బలముందో అక్కడ తెలుస్తుంది. నీ ప్రాజెక్టులో సగం పేజీలు దీనికే ఇచ్చినా తప్పులేదు.

మన చేల పక్కన గ్యాసు బావులు తవ్విన ఓఎన్‌జీసీని కూడా వదలవద్దు. 1959లో చట్టబద్ధ కమిషన్, 1993లో కంపెనీ. 2018లో పెట్రోలు, డీజిలు అమ్మే ప్రభుత్వ కంపెనీ హెచ్‌పీసీఎల్‌లో కేంద్రానికున్న 51.11 శాతం వాటాను 36,915 కోట్ల రూపాయలకు ఇదే కొన్నది. ఖజానాకు డబ్బు చేరింది, హెచ్‌పీసీఎల్ ప్రభుత్వ రంగంలోనే ఉండిపోయింది. కుడిచేతిలోది ఎడమచేతికి మార్చుకోవడమే అంటాను నేను. మీ గైడు ఒప్పుకోకపోతే వాదించు.

వార్షిక నివేదికలో చైర్మన్ ప్రసంగం ఆఖరున చదువు. ముందు ఆడిటర్ల అభ్యంతరాలు, వాటి వెంట ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వ్యాఖ్యలు.

పెన్షనర్లను కలిసినప్పుడు "మార్పు గురించి చెప్పండి" అనవద్దు, ఉపన్యాసం మొదలవుతుంది. "స్తంభం విరిగితే కొత్తది ఎవరి సంతకంతో వచ్చేది? కంపెనీ అయ్యాక ఎవరి సంతకం కావలసి వచ్చింది?" అని అడుగు. అధికారం ఎటు జరిగిందో వాళ్లే చూపిస్తారు.

ప్రభుత్వ రంగం మీద నాకు మమకారం ఉంది, దాచను. చిన్నప్పుడు కిరసనాయిలు దీపం దగ్గర చదువుకున్న నాకు, మా వీధికి మొదటి తీగ లాగింది ఆ బోర్డే. అందుకే దాని లెక్కల్లో నష్టం దాచిన చోటు కనిపిస్తే నువ్వు మొహమాటపడకుండా రాయాలి. నా కోసమని మెత్తగా రాయవద్దు.

సంక్రాంతికి వస్తావు కదా. అమలాపురంలో ఇద్దరు రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్లతో మాట్లాడి ఉంచాను. పండగ మర్నాడు పొద్దున్నే వెళ్దాం.

ఇట్లు,
తాతయ్య