గుంటూరు నుంచి ఇన్‌ఫ్రారెడ్ ధూళికాంతి మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు: ఎలా చేయాలి?

మీరడిగినవి రెండు. గుంటూరులో మేడ మీద థర్మల్ కెమెరా పెట్టి గ్రహాల మధ్య ధూళి వెలుగును పట్టొచ్చా అన్నది ఒకటి, కుదరకపోతే ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఎలా చేయాలన్నది రెండోది.

కెమెరాతో కుదరదు. భూమి ఉన్న దూరంలో ఆ ధూళి ఉష్ణోగ్రత దాదాపు 286 కెల్విన్లు. మన గాలిది 300. రెండూ 10-20 మైక్రాన్ల దగ్గరే బాగా వెలుగుతాయి, గాలి వెలుగులో ధూళి వెలుగు మునిగిపోతుంది. నక్షత్రాల మధ్య ధూళి 18 కెల్విన్ల చలిలో ఉంటుంది కాబట్టి 100 మైక్రాన్లు దాటాకే వెలుగుతుంది. ఆ కాంతిని నీటి ఆవిరి కిందికి రానివ్వదు, పైగా మనది కృష్ణా డెల్టా.

కాబట్టి ఉపగ్రహాల డేటాతో చేయండి. అంతా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. 1983 నాటి ఐరాస్ (IRAS) ఉపగ్రహ చిత్రాల్లో వివరం ఎక్కువ, కానీ మీరు మొదలుపెట్టాల్సింది నాసా కోబే (COBE) ఉపగ్రహంలోని డర్బీ (DIRBE) అనే ఇన్‌ఫ్రారెడ్ పరికరంతో. 1989 నవంబరు 18న వెళ్లింది, 1990 సెప్టెంబరులో దాన్ని చల్లబరిచే హీలియం అయిపోయేదాకా 1.25 నుంచి 240 మైక్రాన్ల వరకు 10 బ్యాండ్లలో కొలిచింది. చూపు 0.7 డిగ్రీలు, మొరటే. అయినా ఆకాశాన్ని ప్రతిసారీ లోపలి సున్నా రిఫరెన్స్‌తో పోల్చి కొలిచింది. నక్షత్రాన్ని కొలిచేటప్పుడు పక్కనున్న ఆకాశాన్ని తీసేస్తే సరిపోతుంది. ఆకాశమంతా పరుచుకున్న కాంతికి అలా తీసేయడానికి 'పక్కన' అంటూ ఏదీ లేదు. ఈ సబ్జెక్టులో కష్టమంతా ఆ సున్నా దగ్గరే.

నాసా డేటా భాండారం లాంబ్డా (LAMBDA) సైట్‌లో డర్బీ వారపు మ్యాపులు తీసుకోండి, ఏడాది సగటువి వద్దు. భూమి గ్రహాల మధ్య ధూళి మేఘం లోపలే తిరుగుతోంది, మేఘం మధ్యతలం భూకక్ష్యకు 2 డిగ్రీలు వాలి ఉంది. అందుకే ఒకే దిక్కున వెలుగు వారం వారం మారుతుంది. నక్షత్రాల మధ్య ధూళి మాత్రం మారదు. ఈ రెంటినీ విడదీయడానికి మనకున్న గట్టి ఆధారం ఇదే. 1998లో కెల్సాల్ బృందం ఆ మేఘానికి మోడల్ కట్టింది కూడా దీని మీదే. సగటు తీసుకుంటే ఆ మార్పు చెరిగిపోతుంది.

మొదటి పరీక్షగా క్రాంతివృత్త ధ్రువం (భూకక్ష్య తలానికి నిట్టనిలువు దిక్కు) దగ్గర 25 మైక్రాన్ల వెలుగును వారాల వారీగా గీయండి. డర్బీ సూర్యుడికి 64 నుంచి 124 డిగ్రీల మధ్యే చూసేది, ధ్రువం ఎప్పుడూ 90 దగ్గరే ఉంటుంది కాబట్టి దాదాపు ప్రతి వారం డేటా దొరుకుతుంది. అలలాంటి గీత రావాలి. చదునుగా వచ్చిందంటే పిక్సెల్ తప్పు ఎంచుకున్నట్టే. మూల ఫైళ్లు క్యూబ్ పద్ధతిలో ఉంటాయి: 6 ముఖాలు, ఒక్కోటి 256×256, మొత్తం 3,93,216 పిక్సెళ్లు, క్రాంతివృత్త నిర్దేశాంకాల్లో. వాటిని అలాగే ఆకాశ మ్యాపుల పైథాన్ లైబ్రరీ హీల్‌పై (healpy)కి ఇస్తే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ తప్పించడానికి చివర కోసి ఇస్తే ఇంకా ప్రమాదం, మ్యాపు వస్తుంది కానీ దిక్కులన్నీ తప్పు.

తర్వాత జోడిపై (ZodiPy) అనే పైథాన్ ప్యాకేజీతో కెల్సాల్ మోడల్ వెలుగును లెక్కించి మ్యాపుల్లోంచి తీసేయండి. నక్షత్రాల మధ్య ధూళి హైడ్రోజన్ వాయువుతో కలిసి ఉంటుంది కాబట్టి, మిగిలిన 100 మైక్రాన్ల వెలుగును హెచ్‌ఐ4పీఐ (HI4PI) అనే ఆకాశమంతటి హైడ్రోజన్ మ్యాపుతో గీత గీసి పోల్చండి. దాని రిజల్యూషన్ 16.2 ఆర్క్‌నిమిషాలు కాబట్టి ముందు 0.7 డిగ్రీలకు మసకబార్చాలి. చదరపు సెంటీమీటరుకు 10²⁰ హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 0.5-0.9 మెగాజాన్స్కీ పర్ స్టెరేడియన్ (ఆకాశపు వెలుగుకు యూనిట్) వాలు రావాలి. 4×10²⁰ దాటిన చోట్లు వదిలేయండి: అక్కడ పరమాణువులు జతకట్టిన హైడ్రోజన్ (H₂) మొదలై గీత పైకి వంగుతుంది.

యూనిట్ల దగ్గర చాలామంది తడబడతారు. 3000ను మైక్రాన్లలో తరంగదైర్ఘ్యంతో భాగించి మెగాజాన్స్కీ పర్ స్టెరేడియన్‌తో గుణిస్తే చదరపు మీటరుకు, స్టెరేడియన్‌కు నానోవాట్లు వస్తాయి; 100 మైక్రాన్ల దగ్గర ఒక మెగాజాన్స్కీ అంటే 30. ఐరాస్‌ను కలపాలంటే 100 మైక్రాన్ల విలువలను 0.72తో, 60వి 0.87తో గుణించండి.

గీతను హైడ్రోజన్ సున్నా దాకా పొడిగిస్తే అక్కడ మిగిలే విలువలో దూరపు గెలాక్సీల నేపథ్యకాంతీ, మోడల్ తప్పూ కలిసి ఉంటాయి. డర్బీ బృందం 140 మైక్రాన్లలో 25±7, 240లో 14±3 నానోవాట్లు ఇచ్చింది, ఆ బ్యాండ్లలోనూ ఇలాగే చేసి వాటితో పోల్చుకోండి. 25 మైక్రాన్లలో మాత్రం ఆ నేపథ్యాన్ని కొలిచానని రాయకండి. అక్కడ మిగిలేది ఎక్కువగా మన సౌరకుటుంబపు ధూళే.

అదే ధూళిని కంటితో చూడాలంటే ఫిబ్రవరి-మార్చిలో అమావాస్య ముందూవెనకా, చీకటి పూర్తిగా పడ్డాక మాచర్ల దాటి వెళ్లి పడమటి దిక్కుకు చూడండి. అది సూర్యకాంతి చెదిరి వచ్చే వెలుగు, ధూళి వేడి వల్ల వచ్చేది కాదు. రిపోర్టులో రెంటినీ కలపొద్దు.