ఆదోనిలో చార్జి తీసుకోబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, కర్నూలు నుంచి మామయ్య ఆశీస్సులు.

గ్రూప్-1లో రాష్ట్ర పన్నుల అసిస్టెంట్ కమిషనర్‌గా ఎంపికయ్యావనీ, ఆదోనికి పంపారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మా రోజుల్లో ఆ కుర్చీని సీటీవో, అంటే వాణిజ్య పన్నుల అధికారి, అనేవాళ్లు. కుర్చీ పేరు మారింది గానీ బల్లకు అవతల కూర్చునేవాళ్లు మారలేదు. నిజాయితీగా ఉండమని నీకు రాయమంది మీ అమ్మ. అది నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నిజాయితీగా ఉన్నా ఆరోపణ వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఆ రోజున నీ తరఫున సాక్ష్యం పలికేవి నువ్వు ఫైలులో రాసిపెట్టిన నాలుగు వాక్యాలే.

ముందు ఊరి సంగతి. ఆదోని అంటే పత్తి. రైతు దగ్గర కొన్న పత్తి మీద 5 శాతం జీఎస్టీని రివర్స్ చార్జి కింద, అంటే అమ్మినవాడికి బదులు కొన్న వ్యాపారే కట్టాలి. అక్కడి నుంచి జిన్నింగు మిల్లు, దూది బేళ్లు, పత్తి గింజలు, నూనె మిల్లు. చేతులు మారిన ప్రతిచోటా బిల్లు ఉండాలి. బిల్లు లేకుండా జీరో వ్యాపారం చేసేవాడు ఇందులో ఏదో ఒక మెట్టును మాయం చేస్తాడు. సరుకు ఊసే లేకుండా ఉత్త బిల్లులు అమ్ముకుని ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే వీలు) పంచిపెట్టేవాడు ఇంకో రకం. రిటర్నులు కంప్యూటరులో సరిపోల్చితే చాలామంది దొరుకుతారు, నిజమే. అయినా మిల్లు నెలకు ఎంత కరెంటు వాడింది, ఎన్ని బేళ్లు కట్టింది, కాటా చీటీలో బరువెంత, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో ఎంత రాశారు, వీటిని పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకో. పత్తి వచ్చే రోజుల్లో యార్డులో ఊరికే తిరుగు. ఎవరి దగ్గరా టీ కూడా తాగకు. టీలో ఏముంది మామయ్యా అంటావేమో. వారం తిరిగేసరికి నువ్వు ఫలానా మిల్లు మనిషివని బజారంతా తేల్చేస్తుంది.

తనిఖీకి వెళ్లాలంటే జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ కింద జాయింట్ కమిషనర్ స్థాయికి తగ్గని అధికారి ఇచ్చిన ఐఎన్‌ఎస్-01 అనే అనుమతి పత్రం చేతిలో ఉండాలి. గడప దాటకముందే దాన్ని వ్యాపారికి చూపించి సంతకం తీసుకో. లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ, వెంట ఉన్నవాళ్ల పేర్లు పంచనామాలో రాయించు. ఆఫీసు డ్రైవరును సాక్షిగా పెట్టే దరిద్రపు అలవాటు కొన్నిచోట్ల ఉంది. నువ్వు ఆ వీధిలోని వాళ్లనే పిలిపించు.

అర్ధరాత్రి దాకా వ్యాపారిని కూర్చోబెట్టి చెక్కులు రాయించుకుని, మర్నాడు దాన్ని ఘనకార్యంగా చెప్పుకునేవాళ్లను నేను చూశాను. ఆ పద్ధతి నాకు ఎప్పుడూ గిట్టలేదు. సోదా జరుగుతుండగా బలవంతపు వసూళ్లు కూడదని 2022 మే 25న కేంద్ర జీఎస్టీ దర్యాప్తు విభాగం ఆదేశాలిచ్చింది. తనంతట తాను కట్టాలనుకునేవాడికి డీఆర్‌సీ-03 ఫారం ఉండనే ఉంది. అది కేంద్ర అధికారులకు చెప్పిన మాట, మనకెందుకు అని నీ పైవాళ్లు అనవచ్చు. రేపు హైకోర్టులో వ్యాపారి వకీలు తెరిచేది ఆ కాగితాన్నే.

ఇక లారీలు. 2017 జూలైలో జీఎస్టీ రావడంతో మన చెక్‌పోస్టులు పోయాయి, రోడ్డు మీద ఆపి చూడటం మిగిలింది. ఆపిన పది నిమిషాల్లో ఏదో ఒక పెద్దమనిషి ఫోను వస్తుంది. అది ఆదోని దూది కావచ్చు, తాడిపత్రి గ్రానైటు కావచ్చు. వినయంగా విను. కాగితాలు సరిగా ఉంటే ఈ పూటే వదిలేస్తానని చెప్పు, సరిగా ఉంటే నిజంగానే వదిలెయ్. లేకపోతే 129వ సెక్షన్ ప్రకారం ఆపిన 7 రోజుల్లో నోటీసు, అది అందిన 7 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. సరుకు యజమాని ముందుకొస్తే జరిమానా పన్నుకు 200 శాతం. వదిలెయ్యమని పైఅధికారే నోటిమాటగా చెబితే, లారీ కదలకముందే ‘తమరు ఫోనులో ఆదేశించిన విషయమై’ అంటూ ఒక మెయిలు పంపి రాతపూర్వక ధ్రువీకరణ అడుగు. ఆ మెయిలు చూశాక చాలామందికి ఆ లారీ మీద ఆసక్తి పోతుంది.

ఆకాశరామన్న ఉత్తరాలు నా మీదా వచ్చాయి. ఒక నూనె మిల్లుకు డబ్బు తీసుకుని పన్ను తగ్గించానని ఒకసారి విచారణ వేశారు. వ్యాపారి ఇచ్చిన జవాబు, అందులో నేను ఒప్పుకున్నవీ ఒప్పుకోనివీ, వాటి కారణాలు ఫైలులో వరుసగా ఉన్నాయి. విచారణాధికారి చదివి, నన్ను రెండు ప్రశ్నలడిగి వెళ్లిపోయాడు. నా సహోద్యోగి ఒకరు పైసా ముట్టని మనిషి. ఆయన కారణం రాయకుండా ఒక కేసు మూసేశారు. రిటైరయ్యాక కూడా గ్రాట్యుటీ కోసం ఏళ్లు తిరిగారు.

ఢిల్లీ సంగతి ఒకటి వీలు చూసుకుని చదువు. ఆదాయపు పన్ను సర్వీసు నుంచి ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్‌కు డిప్యూటీ డైరెక్టరుగా వెళ్లిన అశోక్ కుమార్ అగర్వాల్‌ను 1999 డిసెంబరులో సస్పెండ్ చేశారు. ఆ సస్పెన్షన్ విషయంలో కేంద్రం వేసిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టివేసింది 2013 నవంబరులో. 2019 జూన్‌లో 12 మంది ఆదాయపు పన్ను అధికారులకు నిర్బంధ పదవీ విరమణ ఇచ్చినప్పుడు ఆ జాబితాలో మళ్లీ ఆయన పేరు కనిపించింది. తప్పొప్పుల జోలికి నేను పోవడం లేదు. 1999కీ 2013కీ మధ్య ఒక ఉద్యోగి ఇల్లు ఎలా నడిచి ఉంటుందో ఆలోచించు. సస్పెన్షన్లో మొదట చేతికొచ్చేది సగం జీతం లెక్కన జీవనభృతి. అభియోగపత్రం ఇవ్వకుండా 3 నెలలకు మించి సస్పెన్షన్ సాగదీయకూడదని అజయ్ కుమార్ చౌధరి కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, గుర్తుంచుకో.

ఆస్తుల విషయంలో మొహమాటం వద్దు. ప్రవర్తనా నియమాల ప్రకారం ఏటా జనవరిలో ఇచ్చే ఆస్తుల పత్రంలో మీ అమ్మ పెట్టిన నగలూ రాయి. ప్రొద్దుటూరులో గొలుసు కొన్నా బిల్లు దాచు. స్థలం కొనాలంటే ముందే శాఖకు తెలియజెయ్. తమ్ముడి పేరు మీద పెడదామని మీ నాన్న అంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. ఒప్పుకోకు. ఏసీబీ వాళ్లు ఆదాయానికి మించిన ఆస్తుల లెక్క కట్టేటప్పుడు తమ్ముడి సంపాదన ఎంతో కూడా చూస్తారు.

ఉత్తర్వుల గురించి పెద్దగా చెప్పను, శిక్షణలో చెప్పే ఉంటారు. వ్యతిరేక ఉత్తర్వు ఇవ్వబోతుంటే వ్యాపారి అడగకపోయినా జీఎస్టీ చట్టం 75(4) సెక్షన్ ప్రకారం పిలిచి విను. సంతకం లేదన్న ఒక్క కారణంతో మన హైకోర్టు ఉత్తర్వులు కొట్టివేసిన సందర్భాలున్నాయి. మార్చి లక్ష్యాల కోసం డిమాండు పెంచి రాయకు. అది అప్పీలులో పోతుంది, చెడ్డపేరు నీకు మిగులుతుంది.

సోమవారం చార్జి రిపోర్టు మీద సంతకం చేసేముందు మూడు జాబితాలు అడుగు: స్వాధీనం చేసుకున్న పుస్తకాలు, ఆపి ఉంచిన వాహనాలు, గడువు దగ్గరపడిన నోటీసులు. మోసం లేని పన్ను బకాయిల మీద 73వ సెక్షన్ ఉత్తర్వుకు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 3 ఏళ్లు, మోసం ఉన్నవాటి మీద 74కు 5 ఏళ్లు. 2024-25 ఆర్థిక సంవత్సరం పన్ను నుంచి రెంటికీ బదులు 74-ఏ సెక్షన్ వచ్చింది. బీరువా తెరిపించి పుస్తకాలను జాబితాతో సరిచూడు. లేనివాటిని ‘అందలేదు’ అని నీ చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టు. వెళ్లిపోయే అధికారి రైలు టైమైందని తొందరపెడతాడు. కావాలంటే తర్వాతి రైలుకు వెళ్లమను.

దీవెనలతో,
మీ మామయ్య