నొప్పి మోకాలిలో ఉన్నా జబ్బు తుంటిలో ఉండవచ్చు మాస్టారూ!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 59. 34 ఏళ్లుగా షోటోకాన్ కరాటే నేర్పుతున్నాను. నాకు అన్నం పెట్టిన విద్య అదొక్కటే. రెండేళ్లుగా ఎడమ మోకాలు నొప్పి. ఎక్స్-రే తీసి కొద్దిగా అరిగిందన్నారు. జెల్ ఇంజెక్షన్ చేయించుకున్నా తగ్గలేదు. ఈ మధ్య అదే వైపు గజ్జల్లో పట్టేస్తోంది. గోళ్లు తీసుకుందామన్నా, సాక్సు వేసుకుందామన్నా ఎడమ కాలు పైకి రావడం లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతున్నాను. క్లాసు ఉన్న రోజుల్లో నొప్పి మాత్ర వేసుకుని వెళ్తున్నాను. బీపీ మందులు కూడా వాడుతున్నాను. చూసిన డాక్టరు కరాటే మానేయమన్నారు. రెండు నెలల్లో పిల్లలకు బెల్టు పరీక్షలు ఉన్నాయి. నిజంగానే మానేయాలా? - ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి గజ్జల్లో పట్టేయడం, రెండోది గోళ్లు తీసుకోవడానికి కాలు రాకపోవడం. ఇవి సాధారణంగా మోకాళ్ల నొప్పితో వచ్చేవారు చెప్పే మాటలు కావు, తుంటి కీలు అరిగినవారు చెప్పేవి. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాల్లో కొన్ని ఉమ్మడివి. అందువల్ల తుంటిలో పుట్టిన నొప్పి తొడ మీదుగా దిగి మోకాలి దగ్గర తేలుతుంది. కొందరికి గజ్జల్లో ఏమీ తెలియదు, మోకాలు ఒక్కటే బాధిస్తుంది. అలాంటివారు నెలల తరబడి మోకాలికే వైద్యం చేయించుకుని అలసిపోయి వస్తుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

ఇంట్లోనే ఒకటి చూడండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, తొడ కదలకుండా పట్టుకుని, ఎడమ పాదాన్ని బయటివైపుకు జరపండి. తర్వాత కుడి పాదాన్ని అలాగే జరపండి. ఎడమవైపు బాగా తక్కువగా కదిలినా, ఆ కదలికతో గజ్జల్లో నొప్పి వచ్చినా అనుమానం బలపడినట్టే. అప్పుడు నడుము కింది భాగానికి, రెండు తుంటి కీళ్లూ ఒకే ఫిల్ములో కనిపించేలా ఎక్స్-రే తీయించుకోండి. ఇప్పటివరకూ మోకాలికి మాత్రమే తీశారని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది.

ఇక్కడ ఒక ప్రశ్నకు మీరు దాచకుండా జవాబు చెప్పాలి. ఆస్తమాకో, కోవిడ్ సమయంలోనో, మరే కారణంతోనైనా స్టెరాయిడ్లు వాడారా? మద్యం అలవాటు ఉందా? పేరూ ఊరూ లేని నొప్పి పొడులు ఎప్పుడైనా తీసుకున్నారా? వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్లు కలుపుతుంటారు. వీటివల్ల తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయే జబ్బు రావచ్చు. మొదటి దశలో అది మామూలు ఎక్స్-రేలో కనిపించదు, ఎమ్మారై తీయాల్సి వస్తుంది. దాని వైద్యం వేరు, ఆలస్యం చేయకూడదు.

ఇక ఎడమవైపే ఎందుకన్నది. మీరు కుడికాలితో ఎక్కువగా తన్ని చూపించేవారై ఉంటారని నా ఊహ. కాలేజీ రోజుల్లో నేనూ నాలుగేళ్లు షోటోకాన్ నేర్చుకున్నాను. మావాషి గెరి (కాలిని పక్కనుంచి తిప్పి కొట్టే తన్ను) కొట్టేటప్పుడు చూసేవాళ్ల కళ్లన్నీ గాలిలోకి లేచిన కాలి మీదే ఉంటాయి. కానీ ఒంటి బరువంతా మోసేది, మెలి తిరిగేది నేల మీదున్న కాలు. మడమ సులువుగా తిరిగితే ఆ మెలిక నేలలోకి పోతుంది. గరుకు సిమెంటు నేల మీద ఉత్త పాదం అతుక్కుపోతే మెలిక మోకాలి మీద, తుంటి మీద పడుతుంది. వయసు, వంశపారంపర్యం, పుట్టుకతో వచ్చిన ఎముక ఆకారం కూడా అరుగుదలకు కారణాలే కాబట్టి నెపమంతా కరాటే మీద వేయను.

అయితే మాస్టర్లలో నేను చూసే ఒక పొరపాటు ఉంది. పిల్లల చేత 20 నిమిషాలు వార్మప్ చేయిస్తారు. ఆ సమయంలో తాము హాజరు వేసుకుంటూ, ఫీజులు రాసుకుంటూ, ఆలస్యంగా వచ్చినవాళ్లను వరుసలో నిలబెడుతూ ఉంటారు. తర్వాత "ఇలా కొట్టాలి" అంటూ చల్లబడిన ఒంటితో కాలు తలెత్తుకు లేపుతారు. సాయంత్రానికి పది సార్లు, ఏళ్ల తరబడి, ఎప్పుడూ అదే కాలు. వాళ్ల సొంత సాధన కంటే ఈ చూపించడమే కీళ్లకు ఎక్కువ చేటు చేస్తోందని నా అభిప్రాయం.

నొప్పి మాత్ర వేసుకుని క్లాసుకు వెళ్లడం మాత్రం ఈ రోజు నుంచే ఆపండి. ఆ మాత్రల్లో చాలావరకు బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి, కిడ్నీలనూ కడుపునూ దెబ్బతీస్తాయి. పైగా నొప్పి తెలియకపోవడంతో మీరు కాలును ఇంకా లేపుతారు. మీ బీపీ మందుల చీటీ చూపించి, మీకు సరిపడే మాత్ర ఏదో డాక్టరునే అడగండి.

తుంటి అరుగుదలే అని తేలితే మొదటి మందు వ్యాయామమే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలును లేపడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం. పిరుదు కండరాలు గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని కనీసం 12 వారాలు చేయండి, రెండు వారాలకే తేల్చేయకండి. బరువు ఎక్కువగా ఉంటే తగ్గాలి. దూరం నడవాల్సి వస్తే చేతికర్ర కుడిచేత్తో పట్టుకోండి. నొప్పి ఎడమవైపు కదా అని చాలామంది ఎడమచేత్తోనే పట్టుకుంటారు. ఎదుటి చేత్తో పట్టుకుంటేనే తుంటి మీద బరువు తగ్గుతుంది.

నేర్పడం మానేయవద్దు. 34 ఏళ్ల పని ఒక్క మాటతో ఆగిపోతే మనిషి లోపల ఎంత కుంగిపోతాడో నేను ఎరుగుదును. షోటోకాన్‌కు ఆద్యులైన గిచిన్ ఫునాకోషి 1868లో పుట్టి 1957 వరకు జీవించారు, ముసలితనంలోనూ నేర్పుతూనే ఉన్నారు. మీరు మార్చుకోవాల్సింది నేర్పే పద్ధతి. తన్నులు చూపించే పని బ్లాక్ బెల్టు శిష్యుడికి అప్పగించండి. మీ కన్ను, మీ గొంతు, భుజం సరిచేసే మీ చెయ్యి చాలు. మీరు చూపించక తప్పకపోతే నడుము ఎత్తు దాటకండి, ముందుగా పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. లోతైన కిబా దాచి (గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచి నిలబడడం) వద్దు. మీరు నేర్పే టెక్కీ కటాను (కటా అంటే వరుసక్రమంలో చేసే కదలికల సాధన) కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో నైహాంచి అంటారు, అక్కడి పాత పద్ధతిలో ఇంత కిందికి దిగరు. కాబట్టి నిలబడే ఎత్తు పెంచుకుంటే కటాకు అన్యాయం చేసినట్టు కాదు. సెయిజాలో (మోకాళ్లు మడిచి మడమల మీద) కూర్చోవడం బాధగా ఉంటే కుర్చీ వేసుకోండి. మీ శిష్యులు తప్పుపట్టరు.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, నాలుగడుగులు వేయడమే కష్టమైతే తుంటి మార్పిడి ఆలోచించాలి. బాగా ఫలితమిచ్చే ఆపరేషన్లలో అది ఒకటి. అమర్చిన కీళ్లలో సగానికి పైగా 25 ఏళ్లు నిలుస్తున్నాయి. ఆపరేషన్ తర్వాత క్లాసులు చెప్పుకోవచ్చు, నిదానంగా కటాలు చేసుకోవచ్చు. ఎత్తు తన్నులు, కుమితే (ఎదురెదురుగా తలపడడం) మాత్రం వదులుకోవాలి, కీలు జారే ప్రమాదం ఉంది.

ఒక్కసారిగా కాలు మోపలేకపోయినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

బెల్టు పరీక్షలకు తప్పకుండా వెళ్లండి. బల్ల వెనుక గట్టి కుర్చీలో కూర్చుని మార్కులు వేయండి, అరగంటకోసారి లేచి అటూ ఇటూ నడవండి. ఈలోగా ఆ ఎక్స్-రే తీయించుకుని, అందులో ఏమని రాశారో, స్టెరాయిడ్ల గురించి నేను అడిగినదానికి జవాబేమిటో మళ్లీ రాయండి.