తిన్నది ఒంటబట్టని కుక్క

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు ఏడాదిన్నర. గిన్నె నాకేసి తింటోంది, అయినా పక్కటెముకలు తేలాయి. విరేచనం కుప్పగా, పాలిపోయి, జిడ్డుగా ఉంటోంది. నులిపురుగుల మందు రెండుసార్లు వేశాం.
– ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: ముందు మూడు వేర్వేరు రోజుల తాజా మలం పరీక్ష చేయించండి. పేగుల్లో చేరే జియార్డియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి ఒక్క నమూనాలో దొరక్కపోవచ్చు, అన్ని నులిపురుగుల మాత్రలకూ లొంగదు.

అది లేకపోతే క్లోమాన్ని గట్టిగా అనుమానించాలి. అరిగించే ఎంజైములు క్లోమం నుంచి రాకపోవడం ఈ జాతిలో ఎక్కువ. మీరు రాసిన జిడ్డు విరేచనం దాని గుర్తే. 8 నుంచి 12 గంటలు పస్తుంచి క్లోమం పనితీరు తెలిపే టీఎల్ఐ అనే రక్తపరీక్ష చేయిస్తారు. లీటరుకు 2.5 మైక్రోగ్రాముల లోపు వస్తే అదే జబ్బు. ఇక జీవితాంతం ప్రతి పూటా తిండిలో ఎంజైము పొడి కలపాల్సిందే. పైపూత ఉన్న మాత్రలు అంతగా పనిచేయవు. రక్తంలో విటమిన్ బీ12 కూడా చూపించండి, అది తక్కువుంటే పొడి వేస్తున్నా బరువు సరిగా పెరగదు. రక్తవిరేచనం, వాంతులు మొదలైతే మాత్రం ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.