మీరడిగారు: చౌమహల్లాకా, పురానీ హవేలీకా?

ప్రశ్న: గుంటూరు నుంచి అత్తగారూ మామగారూ వస్తున్నారు. మామగారికి మోకాళ్ళ నొప్పులు. బాబుకి స్కూల్లో నిజాంల పాఠం నడుస్తోంది. చౌమహల్లా చూపిద్దామని మావారు, పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం బెటరని మా ఆడపడుచు. అది చిన్నదంట కదా, పనిగట్టుకుని వెళ్ళేంత ఉందా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నా ఓటు మీ ఆడపడుచుకేనండీ. చౌమహల్లా బాగుండదని కాదు, ఖిల్వత్ దర్బారు హాల్లో ఆ షాండ్లియర్ల కింద ఫోటో దిగాలని ఎవరికుండదు, కానీ ఆవరణ పెద్దది, ఒక మహల్ నుంచి ఇంకో మహల్‌కి ఎండలో నడవాలి, మామగారికి కష్టం.

పురానీ హవేలీలో అసలు చూడాల్సింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు. బీరువాలంటే మన ఇంట్లోవి ఊహించుకోకండి, పొడుగాటి హాలు నిండా రెండు వైపులా చెక్క అరలే, అదీ రెండంతస్తుల్లో, పైకెళ్ళడానికి చేత్తో నడిపే పాతకాలం లిఫ్ట్ కూడా పెట్టించుకున్నారు! ఒకసారి వేసుకున్న డ్రెస్ మళ్ళీ ముట్టేవారు కాదని చెప్పుకుంటారు, ఎంతవరకు నిజమో గానీ ఆ హాల్లో నిలబడితే మాత్రం నమ్మబుద్ధేస్తుంది.

మిగతావి ఎక్కువగా ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సిల్వర్ జూబ్లీకి వచ్చిన కానుకలు. ఆయన 1911లో గద్దెనెక్కారు, లెక్క ప్రకారం 1936లో చేయాలి, ఇంగ్లండులో ఐదో జార్జి చనిపోవడంతో 1937కి వాయిదా వేశారు. ఆ వేడుకకి చేయించిన సింహాసనం, వజ్రాలు పొదిగిన టిఫిన్ డబ్బా (అందులో ఏం తినేవారో మరి), ఊళ్ళోని బిల్డింగులకి వెండి నమూనాలు ఉంటాయి. బాబుని ముందు పేరు చదవకుండా ఏది ఏ బిల్డింగో గుర్తుపట్టమనండి, పాఠం కంటే బాగా ఎక్కుతుంది.

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, రెండూ సెలవే. మీకు మెట్రో డైరెక్టుగా ఎంజీబీఎస్ దాకా ఉంది, అక్కడ దిగి ఆటో మాట్లాడుకోండి. ఉత్తినే మ్యూజియం అంటే సాలార్‌జంగ్ ముందు దింపేస్తాడు, మీరాలం మండీ దగ్గర పురానీ హవేలీ అని చెప్పండి.