తిండి ఆపేస్తే పావ్లోవ్ కుక్క నేర్చుకున్నది చెరిగిపోతుందా?

చెరిగిపోదు, అణిగిపోతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని తాళం కొట్టే పరికరం) వినిపించి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్కకు లాలాజలం ఊరేది. ఆ తర్వాత మెట్రోనోమ్ వినిపించి తిండి పెట్టకుండా వదిలేస్తే లాలాజలం ప్రతిసారీ తగ్గుతూ ఆగిపోయేది. ఇదే ఎక్స్‌టింక్షన్. కొంత విరామం తర్వాత అదే శబ్దం వినిపిస్తే మళ్లీ ఊరేది, మొదటికన్నా తక్కువగా. పాత బంధం తుడిచిపెట్టుకుపోయి ఉంటే ఇలా జరగదు. దానిమీద ‘ఇప్పుడు తిండి రాదు’ అనే కొత్త పాఠం చేరుతుంది, అంతే. ఆ పాఠం నేర్చుకున్న చోటుకే ఎక్కువగా అతుక్కుంటుంది కాబట్టి, చోటు మారితే పాత స్పందన తిరిగి రావచ్చు.

భోజనాల దగ్గర అరిచి అడిగే పెంపుడు కుక్కది ఫలితం చూసి నేర్చుకున్న అలవాటు. ముద్ద పెట్టడం మానగానే అరుపులు ముందు పెరగవచ్చు. అక్కడ లొంగి ఒక్క ముద్ద వేశారా, ఇంకా ఎక్కువసేపు అరవమని నేర్పినట్టే. ఎప్పుడో ఒకసారి ఫలించే అలవాటు, ప్రతిసారీ ఫలించినదానికన్నా మొండిది. అందుకే ఇంట్లో అందరూ ఒకేసారి మానాలి.