సంఘంలో కానుకల లెక్క అడిగితే అభిషిక్తుణ్ణి ఎదిరించినట్టేనా?

వందనాలండి. కానుకల లెక్క అడిగితే మీ పాస్టర్ గారు "నా అభిషిక్తులను ముట్టకుడి" (దేవుడు అభిషేకించి ఏర్పరచుకున్నవాళ్ల జోలికి వెళ్లొద్దు) అనే వాక్యం చదివి కూర్చోబెట్టేశారని, ఇలా అడగడం నిజంగా పాపమా అని అడిగారు. పాపం కాదు. మా సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో కొన్నేళ్లు కోశాధికారిగా చేశాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ వాక్యం చూద్దాం. అది బైబిల్లో 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు సొంత నేల లేక దేశం నుంచి దేశానికి తిరుగుతున్నప్పుడు, వాళ్ల జోలికి వెళ్లొద్దని దేవుడు రాజుల్ని గద్దించిన మాట. దిక్కులేని పరదేశుల్ని కాపాడిన ఆ మాటను తీసుకొచ్చి, కానుక వేసిన పేద విశ్వాసి నోరు మూయించడానికి వాడితే నాకు చాలా బాధేస్తుంది. దావీదు, తనను చంపాలని తరుముతున్న సౌలు రాజు అభిషిక్తుడని అతని మీద చెయ్యి వేయనన్నాడు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, తాను కోసిన సౌలు వస్త్రపు చెంగు చేత పట్టుకుని, సౌలు సైన్యం వినేలా నన్నెందుకు తరుముతున్నావని నిలదీశాడు. తర్వాత అదే దావీదు రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త వచ్చి ముఖం మీదే చెప్పాడు. అభిషేకం పొందిన ఆ రాజు తల వంచి ఒప్పుకున్నాడు.

నేను కోశాధికారిగా ఉన్నప్పటి మా అయ్యగారు (పాస్టర్ గారు) కానుక డబ్బు చేత్తో ముట్టేవారు కాదు. ఆరాధన అయ్యాక సంచులు వెస్ట్రీలో (గుడి పక్కనుండే గదిలో) బల్ల మీద బోర్లించేవాళ్లం. మడతలు పడ్డ పది రూపాయల నోట్లు సాపు చేసి, చిల్లర దొంతులు పెట్టి, నేనూ ఇంకో కమిటీ సభ్యుడూ లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి సంతకాలు చేశాకే ఆయన వచ్చి చూసుకునేవారు. ఒక కోత పండుగకి, విశ్వాసులు తెచ్చిన పంటల్ని గుడి ముందు వేసే వేలంలో ఆయన గుమ్మడికాయ పాడుకున్నారు. వేలం వేస్తున్న సంఘ పెద్ద "మీకు డబ్బులేంటండీ అయ్యగారూ, తీసుకెళ్లండి" అన్నారు. ఆయన కాయ కింద పెట్టి, నా దగ్గరికొచ్చి పాడిన మొత్తం కట్టి, రసీదు రాయించుకుని, అప్పుడు పట్టుకెళ్లారు. యూత్ పిల్లలు అక్కడే నిలబడి చూస్తున్నారు. ఆ ఏడాది వేలం బాకీలు అడక్కుండానే వసూలయ్యాయి. నిజాయితీ గురించి ఆయన ఎన్ని ప్రసంగాలు చేశారో నాకు గుర్తులేదు గానీ ఆ రసీదు మాత్రం గుర్తుంది.

పౌలు కూడా ఇలాగే జాగ్రత్తపడ్డాడు. యెరూషలేము పేదల కోసం చందా పంపేటప్పుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కారణం రాశాడు (2 కొరింథీ 8). 1950లో అట్లాంటాలో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం కూటాలు ముగిశాక, ఆయన నవ్వుతూ వీడ్కోలు చెబుతున్న ఫొటో పక్కన కానుకల మూటల ఫొటో పెట్టి ఒక పత్రిక అచ్చేసింది. ఆయన పత్రికను తిట్టిపోయలేదు. కూటాల్లో తన కోసం కానుక పట్టే పద్ధతి మానేసి, సంస్థ నుంచి నికరమైన జీతం తీసుకోవడం మొదలుపెట్టారు.

అడగనివ్వకపోతే ఏమవుతుందో కూడా మన కళ్లముందే జరిగింది. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరియాస్ మీద 2017లో కెనడా మహిళ ఒకరు ఆరోపణ చేస్తే, ఆయన సంస్థ ఆయన మాటే నమ్మింది. ఆయన 2020లో చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో సంస్థ తానే నియమించిన లాయర్ల దర్యాప్తులో, మసాజ్ చేసే మహిళలతో సహా పలువురి పట్ల ఆయన చేసిన లైంగిక దుష్ప్రవర్తన బయటపడింది. బోర్డు క్షమాపణ చెప్పింది. ఆ ఆలస్యానికి మూల్యం కట్టింది ఆ స్త్రీలు. ఆయన ప్రసంగాలు విని విశ్వాసంలో నిలబడిన నా స్నేహితులు కొందరు ఇప్పటికీ కోలుకోలేదు.

ఇక మీరు చేయగలిగింది. ఒక్కరే వెళ్లి గొడవ పడకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సంఘ పెద్ద మీద నేరారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే అంగీకరించమని 1 తిమోతి 5 చెబుతుంది, ఆ తర్వాతి వచనమే పాపం చేసినవాళ్లను అందరిముందు గద్దించమంటుంది. రెండూ పాటించండి. స్టేజీ మీద పెట్టిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పేరు ఎవరిదొస్తుందో చూడండి: సంఘానిదా, పాస్టర్ గారిదా, వాళ్ల అబ్బాయిదా. సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగింది, ఆడిట్ ఎవరు చేశారు అని ఇద్దరు పెద్దలతో కలిసి మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. చాలామంది పాస్టర్లకు లెక్కలు రాయడం ఎవరూ నేర్పలేదు, కాబట్టి మీరే రాసిపెడతామని కూడా చెప్పండి. సంతోషంగా ఒప్పుకునేవాళ్లున్నారు, నేను చూశాను.

ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి) రానివ్వమనో, శాపం తగులుతుందనో బెదిరిస్తే, డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల మండలం) ఉన్న సంఘమైతే పైకి రాయండి. స్వతంత్ర సంఘమైతే అక్కడ కానుక ఆపి, రసీదు ఇచ్చే మరో పరిచర్యకు ఇవ్వండి. వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి దేవుడి కోసం దాచే అమ్మలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల తరఫున మీరు అడుగుతున్నారు, భయపడకండి.